విమానపు రెక్క చుట్టూ గాలి పీడనం

విమానం ఎగురుతున్నప్పుడు దాని రెక్క చుట్టూ ఉండే గాలి పీడనం అన్ని చోట్లా ఒకే విధంగా ఉండదు. రెక్క పైభాగాన పీడనం చుట్టుపక్కల వాతావరణం కంటె తగ్గుతుంది, అడుగుభాగాన సాధారణంగా కొంత పెరుగుతుంది. ఈ తేడా వలన పుట్టే బలమే విమానాన్ని గాలిలో నిలబెడుతుంది. ఈ బలాన్ని లిఫ్ట్ లేదా ఉత్థాపక బలం అంటారు. రెక్క మీద ఏ బిందువు వద్ద ఎంత పీడనం ఉన్నదో తెలిస్తే ఆ రెక్క ఎంత బరువు మొయ్యగలదో, ఎక్కడ విరిగే ప్రమాదం ఉన్నదో, ఏ కోణం వద్ద పట్టు తప్పుతుందో చెప్పవచ్చును. అందువలన రెక్క చుట్టూ పీడనాన్ని కొలవడం వైమానిక శాస్త్రంలో అత్యంత ప్రధానమైన ప్రయోగాలలో ఒకటి.

పీడనం, దాని పరిమాణం

ఒక ఉపరితలం మీద, ప్రమాణ వైశాల్యానికి, లంబదిశలో పనిచేసే బలాన్ని పీడనం అంటారు. దీని ప్రమాణం పాస్కల్. ఒక చదరపు మీటరు మీద ఒక న్యూటన్ బలం పనిచేస్తే అది ఒక పాస్కల్. అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం ప్రకారం సముద్రమట్టం వద్ద గాలి పీడనం 1,01,325 పాస్కల్‌లు, అనగా 1013.25 హెక్టోపాస్కల్‌లు. అక్కడ గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోగ్రాములు. 150 చదరపు సెంటీమీటర్ల అరచేతి మీద గాలి మోపుతున్న బలం దాదాపు 155 కిలోల బరువుతో సమానం. అరచేతికి రెండు వైపులా అదే పీడనం ఉండబట్టి ఆ బరువు మనకు తెలియదు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. గాలి ఏ వస్తువునూ లాగలేదు, నెట్టగలదు మాత్రమే. రెక్క పైభాగం విమానాన్ని "పైకి పీలుస్తుంది" అని వ్రాయడం వాడుకలో ఉన్నది, కాని అది మాట సౌలభ్యం కోసమే. పైభాగాన కూడా గాలి రెక్కను క్రిందికే నొక్కుతూ ఉంటుంది. అడుగున గాలి పైకి నొక్కేంత బలంగా అది నొక్కదు, అంతే తేడా.

విమానాన్ని మొయ్యడానికి ఎంత తేడా కావాలి? ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇద్దరు ముగ్గురు ప్రయాణించే సెస్నా 172 వంటి చిన్న విమానం బరువు సుమారు 1,100 కిలోలు, రెక్కల వైశాల్యం 16.2 చదరపు మీటర్లు. అంటే ఒక్కొక్క చదరపు మీటరు మొయ్యవలసినది 68 కిలోలు. దీనికి కావలసిన సగటు పీడన భేదం దాదాపు 670 పాస్కల్‌లు, వాతావరణ పీడనంలో ఒక శాతం కూడా కాదు. ఎయిర్‌బస్ 320 రకం విమానం 78 టన్నుల బరువుతో బయలుదేరుతుందనుకుంటే, 122.6 చదరపు మీటర్ల రెక్కల మీద సగటు భేదం సుమారు 6,240 పాస్కల్‌లు, అనగా వాతావరణ పీడనంలో ఆరు శాతం పైచిలుకు. పోలిక కొరకు చెప్పాలంటే, ఆరోగ్యవంతుని రక్తపోటులో పై అంకె అయిన 120 మిల్లీమీటర్ల పాదరసం 16,000 పాస్కల్‌లకు సమానం. నూట యాభై మందిని మోసుకుపోయే రెక్కకు వైద్యుడు చేతికి కట్టే పట్టీలోని పీడనంలో సగం కూడా అక్కరలేదు. కాకపోతే ఆ కొద్దిపాటి తేడా చాలా పెద్ద వైశాల్యం మీద, ఎడతెగకుండా ఉండాలి.

పీడనం ఎందుకు మారుతుంది

కదులుతున్న గాలి విషయంలో మూడు రకాల పీడనాలను వేరుచేసి చూడాలి. గాలితోపాటు అదే వేగంతో కదిలే పరికరం కొలిచే పీడనాన్ని స్థిర పీడనం అంటారు. కదులుతున్న గాలిని నష్టం లేకుండా పూర్తిగా ఆపివేస్తే కనిపించే పీడనం మొత్తం పీడనం. ఈ రెండింటి తేడాను గతిజ పీడనం అంటారు. వేగం మరీ ఎక్కువ కానప్పుడు గతిజ పీడనం విలువ, గాలి సాంద్రతను వేగపు వర్గంతో హెచ్చించి అందులో సగం తీసుకుంటే వస్తుంది. ఉదాహరణకు సముద్రమట్టం వద్ద సెకనుకు 70 మీటర్ల వేగానికి (గంటకు 252 కిలోమీటర్లు) గతిజ పీడనం దాదాపు 3,000 పాస్కల్‌లు. వేగం రెట్టింపు అయితే ఇది నాలుగింతలు అవుతుంది.

ప్రవాహంలో వేగం పెరిగిన చోట స్థిర పీడనం తగ్గుతుందన్న సూత్రం డేనియల్ బెర్నూలీ 1738లో ప్రచురించిన హైడ్రోడైనమికా గ్రంథంతో ప్రసిద్ధి చెందినది. దానిని నేడు మనం వాడే సమీకరణ రూపంలోకి తెచ్చినది ఆతని సహచరుడు లియొనార్డ్ ఆయిలర్. అయితే ఈ సూత్రాన్ని రెక్కకు అన్వయించేటప్పుడు అనేక పాఠ్యపుస్తకాలలో ఒక పొరపాటు చోటు చేసుకున్నది. రెక్క పైభాగం వంపు తిరిగి ఉంటుంది కనుక పై దారి పొడవు ఎక్కువ, పైనుంచి పోయే గాలి క్రిందనుంచి పోయే గాలిని వెనుక అంచు వద్ద "కలుసుకోవాలి" కనుక వేగంగా పోతుంది అని ఆ పుస్తకాలు చెప్తాయి. ఇది తప్పు. రెండు గాలి తునకలూ ఒకే సమయానికి చేరాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. విండ్ టన్నెల్‌లో పొగను ఆగి ఆగి వదిలి చూస్తే పైనుంచి పోయిన పొగ, క్రిందనుంచి పోయిన దానికంటె ముందుగానే వెనుక అంచును దాటిపోవడం కంటికి కనబడుతుంది. పైగా ఆ వాదమే నిజమైతే విమానాలు తలక్రిందులుగా ఎగరలేవు, పలుచని బల్లపరుపు రెక్క గల కాగితపు విమానం అసలే ఎగరదు.

సరియైన వివరణ గాలి దారి వంపు తిరగడంలో ఉన్నది. వడిసెలలో రాయి గుండ్రంగా తిరగాలంటే తాడు దానిని కేంద్రం వైపు లాగుతూ ఉండాలి. గాలికి తాడు లేదు. గాలి వంపు తిరగాలంటే వంపు వెలుపల పీడనం ఎక్కువగా, లోపల తక్కువగా ఉండాలి. రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పోయే గాలి క్రిందివైపుకు వంగుతుంది. రెక్కకు చాలా దూరాన ఉన్నది మామూలు వాతావరణ పీడనమే కనుక, వంపు లోపల, అనగా రెక్క ఉపరితలం దగ్గర, పీడనం అంతకంటె తగ్గి ఉండక తప్పదు. తక్కువ పీడనం గల ఆ ప్రాంతంలోనికి ముందునుంచి వచ్చే గాలి వేగం పుంజుకుంటుంది. ఈ విధంగా చూస్తే పీడనం తగ్గడము, వేగం పెరగడము ఒకే సంఘటనకు రెండు ముఖాలు. రెక్క గాలిని క్రిందికి మళ్ళిస్తుంది, అందుకు ప్రతిచర్యగా గాలి రెక్కను పైకి నెడుతుంది అన్న న్యూటన్ వాదానికీ దీనికీ వైరుధ్యం లేదు.

కోస్తా జిల్లాలలో తుఫాను వచ్చినప్పుడు రేకుల కప్పులు ఎగిరిపోవడానికి కారణం కూడా చాలావరకు ఇదే. ఈదురుగాలి కప్పు అంచున వేగంగా ఒరుసుకుంటూ పోయినప్పుడు పైన పీడనం పడిపోతుంది, ఇంటి లోపలి గాలి రేకులను పైకి నెట్టివేస్తుంది. కప్పు ఆ క్షణాన ఒక నాటు రెక్కగా పనిచేస్తుంది.

రెక్క మీద పీడన వ్యాప్తి

వేరువేరు వేగాల వద్ద కొలిచిన పీడనాలను పోల్చడానికి పీడన గుణకం అనే సంఖ్యను వాడతారు. ఒక బిందువు వద్ద ఉన్న పీడనంలోనుంచి దూరపు వాతావరణ పీడనాన్ని తీసివేసి, ఆ శేషాన్ని గతిజ పీడనంతో భాగిస్తే ఇది వస్తుంది. గాలి పూర్తిగా ఆగిపోయే బిందువు రెక్క ముందు అంచు దగ్గర ఉంటుంది, అక్కడ తక్కువ వేగాలలో పీడన గుణకం సరిగ్గా 1. వాతావరణ పీడనమే ఉన్న చోట అది సున్న. అంతకంటె తక్కువ పీడనం ఉంటే ఋణ సంఖ్య. ధనవైపు 1 దాటదు కాని ఋణవైపు అటువంటి చిన్న హద్దు లేదు. ముందు అంచుకు కొంచెం వెనుక, రెక్క పైభాగాన, –3, –4 విలువలు కూడా కనబడతాయి. పీడన పటాలను గీసేటప్పుడు ఋణ విలువలను పైవైపున చూపడం ఆచారం. మొదటిసారి చూసే విద్యార్థులు దీనివలన తికమక పడతారు గాని, పైగీత రెక్క పైభాగానికి, క్రిందిగీత అడుగుభాగానికి చెందేటట్లు ఉండటం ఇందులోని సౌకర్యం. ఆ రెండు గీతల నడుమ ఉన్న వైశాల్యమే రెక్క మీద పనిచేసే లంబ బలానికి కొలత.

రెక్క గాలికి ఎదురుగా ఎంత కోణంలో ఉన్నది అన్నదాని మీద ఈ పటం ఆకారం ఆధారపడుతుంది. ఈ కోణాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు, ఈ వ్యాసంలో దీనిని వాలు కోణం అని వ్యవహరించడమైనది. వాలు కోణం తక్కువగా ఉంటే పైభాగాన పీడనం మెల్లగా తగ్గి మెల్లగా పెరుగుతుంది. కోణం పెరిగిన కొద్దీ ముందు అంచు వద్ద పీడనం ఒక్కసారిగా పడిపోయి సన్నని శిఖరంలా కనబడుతుంది. ఆ శిఖరాన్ని దాటిన గాలి వెనుక అంచు చేరేలోగా మళ్ళీ వాతావరణ పీడనానికి ఎక్కాలి. అంటే తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనం వైపు, ఎత్తుకు ఎక్కినట్లు ప్రయాణించాలి. ఉపరితలాన్ని ఒరుసుకొని అప్పటికే వేగం కోల్పోయిన పలుచని గాలిపొరకు ఈ ఎక్కుడు కష్టం. ఆ పొరను సరిహద్దు పొర అంటారు, దాని సిద్ధాంతాన్ని 1904లో లుడ్విగ్ ప్రాంటిల్ ప్రతిపాదించాడు. చాలా రెక్కలలో వాలు కోణం 15 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి ఆ పొర ఎక్కలేక రెక్కను వదిలి విడిపోతుంది. అప్పుడు ముందు అంచు దగ్గరి శిఖరం కూలిపోతుంది, పైభాగమంతా పీడనం దాదాపు చదునుగా మారుతుంది, లిఫ్ట్ పడిపోతుంది. ఈ స్థితిని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేదు.

రెక్క కొనల వద్ద అడుగునున్న ఎక్కువ పీడనపు గాలి పక్కకు జారి పైకి ఎగబ్రాకుతుంది. దానివలన ప్రతి కొన వెనుకా ఒక సుడి ఏర్పడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున, ముఖ్యంగా వానాకాలంలో, దిగుతున్న విమానపు రెక్క మీద తెల్లని పొగమంచు తెర క్షణంపాటు మెరిసి మాయమవడం కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికులకు కనబడుతుంది. పీడనం పడిపోయిన చోట గాలి చల్లబడి అందులోని ఆవిరి బిందువులుగా మారడమే దీనికి కారణం. పరికరం ఏదీ లేకుండా పీడనపు తేడాను కంటితో చూడగల అరుదైన సందర్భం ఇది.

జెట్ విమానాల వేగంలో మరొక చిక్కు ఉన్నది. విమానం ధ్వనివేగంలో 78 శాతంతో పోతున్నా, రెక్క పైభాగాన గాలి ధ్వనివేగాన్ని దాటగలదు. ఆ గాలి తిరిగి నెమ్మదించేటప్పుడు మెల్లగా కాక ఒక అఘాత తరంగం వద్ద హఠాత్తుగా నెమ్మదిస్తుంది, పీడనం అక్కడ గోడలా లేస్తుంది. దీనిని తగ్గించడానికి నాసా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విట్‌కూంబ్ 1960 దశకంలో పైభాగం చదునుగా ఉండే కొత్త రెక్క ఆకారాన్ని రూపొందించాడు. దానిని 1971లో ఒక ఎఫ్-8 విమానానికి అమర్చి ఎగురవేసి పరీక్షించారు.

కొలత తొలినాళ్ళు

ప్రవాహంలోని పీడనం ద్వారా వేగాన్ని కొలిచిన తొలి వ్యక్తి ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ పీటో. ఇతడు 1732లో పారిస్ నగరంలోని సెన్ నదిలో, కొన వంచిన గాజు గొట్టాన్ని ప్రవాహానికి ఎదురుగా ముంచి, గొట్టంలో నీరు ఎంత ఎత్తుకు లేచిందో చూసి నది వేగాన్ని లెక్కించాడు. తరువాత 19వ శతాబ్దంలో ఆన్రీ డార్సీ దానిని మెరుగుపరచాడు. నేటి అనేక విమానాల ముక్కు పక్కన కనబడే పీటో గొట్టం దీని సంతతియే.

డెన్మార్కులో కోపెన్‌హేగన్ గ్యాస్ కర్మాగారానికి చెందిన ఇర్మింజర్ 1890 దశకంలో కర్మాగారపు పొగగొట్టం లాగే గాలినే ప్రవాహంగా వాడుకొని, పలకల మీద, ఇంటికప్పు నమూనాల మీద పీడనాన్ని కొలిచాడు. గాలి తగిలే వైపు ఒత్తిడి కంటె గాలి చాటు వైపున పీడనం తగ్గడమే ముఖ్యమని ఆ ప్రయోగాలలో కనబడింది. రైట్ సోదరులు 1901లో డేటన్‌లో కట్టుకున్న చిన్న విండ్ టన్నెల్‌లో కొలిచినది పీడనాన్ని కాదు, తక్కెడల సాయంతో రెక్క మీది మొత్తం బలాన్ని.

రెక్క ఉపరితలం మీద పీడనాన్ని బిందువు బిందువుగా కొలిచి చూపిన ఖ్యాతి గుస్తావ్ ఐఫెల్‌కు దక్కుతుంది. తన పేరిట వెలసిన గోపురం మీదనుంచి పలకలను జారవిడిచి గాలి నిరోధాన్ని కొలవడంతో ఇతని వైమానిక పరిశోధన మొదలైనది. 1909లో గోపురం పాదాల చెంతనే విండ్ టన్నెల్ కట్టాడు, 1912లో దానిని ఒతోయ్ ప్రాంతానికి మార్చాడు. రెక్క నమూనాలకు రెండు వైపులా సన్నని రంధ్రాలు చేసి కొలిచి, మొత్తం లిఫ్ట్‌లో అడుగుభాగపు ఒత్తిడి కంటె పైభాగపు పీడనం తగ్గుదల వాటాయే ఎక్కువ అని నిరూపించాడు. అంతకు ముందు విమానం గాలి మీద "ఆనుకొని" పోతుందని చాలామంది భావించేవారు. డెబ్బై ఏళ్ళు పైబడ్డాక ఒక ఇంజనీరు చేసిన పని ఇది.

రంధ్రాలు, గొట్టాలు, మానోమీటర్లు

ఐఫెల్ పద్ధతి నేటికీ మూలంలో మారలేదు. రెక్క నమూనా ఉపరితలానికి లంబంగా, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వ్యాసం గల రంధ్రాలు చేస్తారు. ప్రతి రంధ్రానికీ రెక్క లోపలినుంచి ఒక సన్నని గొట్టాన్ని కలిపి వెలుపలికి తెస్తారు. గాలి రంధ్రంలోనికి ప్రవహించదు, దాని మీదుగా జారిపోతుంది. కనుక గొట్టంలో ఉండేది ఆ బిందువు వద్ద ఉన్న స్థిర పీడనం మాత్రమే. చెప్పడానికి సులువైన ఈ పనిలో ఓపిక చాలా కావాలి. రంధ్రపు అంచున వెంట్రుకవాసి గరుకు మిగిలినా, రంధ్రం కొద్దిగా ఏటవాలుగా పడినా కొలత తప్పుతుంది. రంధ్రం పెద్దదయితే అసలు కంటె కొంచెం ఎక్కువ పీడనాన్ని చూపుతుంది. మరీ చిన్నదయితే గొట్టంలో పీడనం స్థిరపడడానికి చాలా సమయం పడుతుంది, దుమ్ముతో మూసుకుపోతుంది కూడాను.

గొట్టం రెండవ కొన మానోమీటరుకు కలుపుతారు. తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూడడానికి నీళ్ళు నింపిన పారదర్శకమైన గొట్టాన్ని వాడతారు. దాని రెండు కొసలలోనూ నీరు ఒకే ఎత్తులో నిలుస్తుంది, కారణం రెండు కొసల మీదా ఒకే పీడనం ఉండటం. ఒక కొసలో పీడనం తగ్గితే అటువైపు నీరు పైకి లేస్తుంది. ఆ ఎత్తుల తేడాయే పీడన భేదం. ఒక మిల్లీమీటరు నీటి ఎత్తు 9.81 పాస్కల్‌లకు సమానం. కళాశాల ప్రయోగశాలలోని విండ్ టన్నెల్‌లో సెకనుకు 20 మీటర్ల గాలికి గతిజ పీడనం 245 పాస్కల్‌లు, అంటే నీరు 25 మిల్లీమీటర్లు కదులుతుంది. సెకనుకు 70 మీటర్ల గాలికి 306 మిల్లీమీటర్లు. ఇంకా వేగమైతే నీటికి బదులు దానికంటె 13.6 రెట్లు బరువైన పాదరసాన్ని వాడేవారు. తేడా మరీ చిన్నదయితే గొట్టాన్ని వాల్చి పెడతారు. 30 డిగ్రీల వాలులో ద్రవం గొట్టం వెంట రెండింతలు దూరం కదులుతుంది.

యాభై అరవై గాజు గొట్టాలను వరుసగా ఒక బల్లకు బిగించి, ఒక్కొక్కదానిని రెక్క మీది ఒక్కొక్క రంధ్రానికి కలిపితే, ద్రవపు ఎత్తులే పీడన పటాన్ని గీసి చూపుతాయి. వాలు కోణాన్ని మెల్లగా పెంచుతూ ఉంటే ఆ రంగునీటి గీత ఒక చివర ఎగబ్రాకుతూ పోయి, స్టాల్ వద్ద ఒక్కసారిగా కూలడం విద్యార్థులు మరచిపోలేని దృశ్యం. ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చిన తరువాత కూడా బోధన కోసం మానోమీటరు బల్లలను పలు కళాశాలలు ఉంచుకోవడానికి ఇదే కారణం.

నాకా 4412 ప్రయోగం

ఈ పద్ధతికి మచ్చుగా అమెరికాలోని నాకా సంస్థ ప్రయోగాన్ని చెప్పుకోవచ్చును. 1915లో స్థాపించబడిన ఈ సంస్థ 1958లో నాసాగా మారినది. 4412 అనేది ఒక రెక్క మధ్యచ్ఛేదపు ఆకారం పేరు. మొదటి అంకె, వంపు రెక్క వెడల్పులో 4 శాతమని, రెండవది ఆ వంపు గరిష్ఠంగా ఉండేది ముందు అంచునుంచి 40 శాతం దూరంలోనని, చివరి రెండూ మందం 12 శాతమని తెలుపుతాయి. 1936లో రాబర్ట్ పింకర్టన్ ఈ ఆకారం మీద పీడనపు కొలతలను ప్రచురించాడు. నమూనా వెడల్పు 5 అంగుళాలు, పొడవు 30 అంగుళాలు. అంత చిన్న రెక్క మధ్యభాగం చుట్టూ 54 రంధ్రాలు చేసి, –20 నుంచి 30 డిగ్రీల వరకు 17 వాలు కోణాల వద్ద అన్ని పీడనాలనూ ఒకేసారి కొలిచారు.

అరచేతి వెడల్పు నమూనా మీద కొలిచినది అసలు విమానానికి ఎట్లా వర్తిస్తుంది? ఇందుకు రేనాల్డ్స్ సంఖ్య సమానంగా ఉండాలి. ఇది గాలి సాంద్రత, వేగం, రెక్క వెడల్పుల లబ్ధాన్ని గాలి స్నిగ్ధతతో భాగించగా వచ్చే సంఖ్య. రెక్క పదోవంతుకు తగ్గితే ఈ సంఖ్యా పదోవంతుకు పడిపోతుంది. మాక్స్ ముంక్ సూచన మేరకు లాంగ్లీ పరిశోధనాలయంలో 1922లో పనిచేయనారంభించిన విండ్ టన్నెల్‌ను మొత్తంగా ఒక ఉక్కు తొట్టిలో బిగించి, గాలిని 20 వాతావరణాల వరకు అదిమి నింపేవారు. గాలి సాంద్రత ఇరవై రెట్లు పెరిగినా స్నిగ్ధత పెద్దగా మారదు, కనుక లోటు పూడుతుంది. పింకర్టన్ కొలతలు సుమారు 30 లక్షల రేనాల్డ్స్ సంఖ్య వద్ద జరిగాయి.

ఫలితం ఆసక్తికరమైనది. స్నిగ్ధత లేని గాలిని ఊహించుకొని చేసిన గణితం, కొలిచిన పీడనాలతో పూర్తిగా కుదరలేదు. ఒకే వాలు కోణానికి లెక్కించినా, ఒకే లిఫ్ట్‌కు లెక్కించినా తేడా మిగిలింది. దానితో పింకర్టన్ సిద్ధాంతాన్ని సవరించి కొలతకు దగ్గరగా తెచ్చాడు. కొలత సరిగా ఉన్నదన్న నమ్మకం లేకపోతే సిద్ధాంతాన్ని సవరించే సాహసం ఎవరూ చెయ్యరు. నేటి కంప్యూటర్ గణనలను సరిచూసుకోవడానికి కూడా ఈ 4412 ఆకారపు కొలతలు వాడబడుతున్నాయి.

భారతదేశంలో 1959లో స్థాపించబడిన జాతీయ వైమానిక పరిశోధనాలయం బెంగుళూరులో 1967 నుంచి 1.2 మీటర్ల విండ్ టన్నెల్‌ను నడుపుతున్నది. ధ్వనివేగానికి తక్కువనుంచి దానికి నాలుగు రెట్ల వరకు ఇందులో పరీక్షించవచ్చును. దేశంలో తయారయిన అనేక విమానాల, రాకెట్ల నమూనాలు ఇందులో పరీక్షించబడ్డాయి.

ఎగురుతున్న విమానంలో కొలత

నమూనా ఎంత బాగున్నా అది నమూనాయే. పైలట్ హఠాత్తుగా విమానాన్ని పైకి లాగినప్పుడు రెక్క మీద పడే భారం విండ్ టన్నెల్‌లో కనబడదు. ఇందుకోసం నాకా ఇంజనీరు రిచర్డ్ రోడ్ పి.డబ్ల్యు-9 అనే రెండంతస్తుల రెక్కల యుద్ధవిమానానికి రంధ్రాలు, గొట్టాలు అమర్చి గాలిలో చేసిన కొలతలను 1930లో ప్రచురించాడు. ఊగిపోయే విమానంలో నీటి గొట్టాలు పనికిరావు. వాటికి బదులు పీడనానికి ఉబ్బే లోహపు డబ్బీలకు బుల్లి అద్దాలు అతికించి, అద్దాలనుంచి మళ్ళిన కాంతి కదిలే ఫిల్ము మీద గీతలు గీసేటట్లు చేసేవారు.

అసలు విమానపు రెక్కకు వందల రంధ్రాలు చెయ్యడం ఎవరికీ ఇష్టముండదు. అందులోనూ నేటి విమానాల రెక్క లోపలి భాగమే ఇంధనపు తొట్టి. అందువలన సన్నని ప్లాస్టిక్ గొట్టాల పట్టీని రెక్క మీద అతికించి, పట్టీకే రంధ్రాలు పెట్టే పద్ధతి వచ్చింది. తరువాత గొట్టాలు కూడా లేకుండా, అతి చిన్న సిలికాన్ పీడన గ్రాహకాలను వరుసగా అమర్చిన పట్టీలు వచ్చాయి.

ప్రయోగశాలలలోను మార్పు వచ్చింది. గాజు గొట్టాల స్థానంలో మొదట, ఒకే గ్రాహకాన్ని తిరిగే కవాటం ద్వారా పలు గొట్టాలకు వరుసగా కలిపే పరికరం వచ్చింది. ఆ తరువాత ప్రతి గొట్టానికీ వేరే గ్రాహకం ఉండి, సెకనుకు వేల కొలతలు తీసే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. సిలికాన్ పొర పీడనానికి వంగినప్పుడు దాని విద్యున్నిరోధం మారడం వీటికి ఆధారం.

పీడనాన్ని చూపే రంగు

రంధ్రాలు ఎన్ని చేసినా రంధ్రానికీ రంధ్రానికీ నడుమ ఏమి జరుగుతున్నదో ఊహించుకోవలసినదే. ఈ లోపాన్ని తీర్చినది పీడనాన్ని గుర్తించే రంగు. దీనిని 1980 దశకంలో సోవియట్ యూనియన్‌లోను, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోను అభివృద్ధి చేశారు. నీలి లేదా అతినీల కాంతి పడినప్పుడు ఈ రంగులోని అణువులు ఎర్రని కాంతిని వెలువరిస్తాయి. కాని ఆక్సిజన్ అణువు వచ్చి తాకితే ఆ శక్తిని అది తీసుకుపోతుంది, వెలుగు మందగిస్తుంది. గాలి పీడనం ఎక్కువగా ఉన్న చోట ఆక్సిజన్ ఎక్కువ, కనుక అక్కడ రంగు మసకగా, పీడనం తక్కువ చోట ప్రకాశవంతంగా కనబడుతుంది. గాలి లేనప్పుడు ఒకటి, గాలి వీస్తున్నప్పుడు ఒకటి ఛాయాచిత్రాలు తీసి, ఒకదానితో మరొకదానిని భాగిస్తే రెక్క అంతటి పీడన పటం ఒక్కసారిగా వస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. ఉష్ణోగ్రత మారినా రంగు వెలుగు మారుతుంది. పైగా ఇది కొలిచేది నిరపేక్ష పీడనాన్ని, తేడాను కాదు. సెకనుకు 70 మీటర్ల వేగంలో గతిజ పీడనం వాతావరణ పీడనంలో 3 శాతమే కనుక, వెలుగులో వచ్చే మార్పూ అంత స్వల్పంగానే ఉంటుంది. జెట్ విమానం ఎగిరే 11 కిలోమీటర్ల ఎత్తున వాతావరణ పీడనం 22,600 పాస్కల్‌లు, సెకనుకు 230 మీటర్ల వేగంలో గతిజ పీడనం 9,600 పాస్కల్‌లు. అటువంటి పరీక్షలలో ఈ రంగు బాగా రాణిస్తుంది. అందుకే తక్కువ వేగాలకు రంధ్రాలు, ఎక్కువ వేగాలకు రంగు అన్న పద్ధతి స్థిరపడినది. రంగును సరిచూసుకోవడానికి అప్పుడు కూడా కొన్ని రంధ్రాలు ఉంచుతారు.

విమానం తన పీడనాన్ని తాను కొలుచుకొనుట

పరిశోధన సంగతి అటుంచితే, ప్రతి విమానమూ ఎగిరినంతసేపూ పీడనాన్ని కొలుస్తూనే ఉంటుంది. ముందుకు చూసే పీటో గొట్టం మొత్తం పీడనాన్ని, విమానపు దేహానికి పక్కన ఉన్న సన్నని రంధ్రాలు స్థిర పీడనాన్ని తీసుకుంటాయి. స్థిర పీడనం ఆల్టీమీటరులో ఎత్తుగాను, రెండింటి తేడా వేగంగాను కనబడుతుంది. స్థిర పీడనపు రంధ్రాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య. విమానం ఉనికి వలననే చుట్టూ పీడనం మారిపోతుంది కనుక, మార్పు అతి తక్కువగా ఉండే చోటును వెదకాలి. పరీక్షా విమానాల తోకనుంచి పొడవైన గొట్టాన్ని శంకువు సాయంతో వెనుకకు వదలి, అంతగా చెదరని గాలిలో పీడనాన్ని కొలిచి, ఆ రంధ్రాల తప్పును లెక్కకడతారు. 11 కిలోమీటర్ల ఎత్తున ఒక్క హెక్టోపాస్కల్ తప్పు 28 మీటర్ల ఎత్తుకు సమానం. ఆ ఎత్తులలో ఒకదానిపై ఒకటి పోయే విమానాల నడుమ ఉండే ఎడం 1,000 అడుగులే, అనగా 305 మీటర్లు.

ఈ రంధ్రాలు మూసుకుపోతే ఏమి జరుగుతుందో 1996లో రెండు బోయింగ్ 757 ప్రమాదాలు చూపాయి. ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటానుంచి బయలుదేరిన బిర్గెన్‌ఎయిర్ విమానపు పీటో గొట్టాలలో ఒకటి మూసుకుపోయి ఉన్నది. రోజుల తరబడి మూతలు లేకుండా నేల మీద ఉన్న ఆ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉండవచ్చునని దర్యాప్తులో భావించారు. గొట్టంలో చిక్కిన గాలి పీడనం మారదు, విమానం పైకి పోయినకొద్దీ బయటి స్థిర పీడనం తగ్గుతుంది. ఆ తేడానే పరికరం వేగంగా లెక్కిస్తుంది. అందువలన విమానం నెమ్మదిస్తున్నా కెప్టెన్ ఎదుట ఉన్న ముల్లు వేగం పెరుగుతున్నట్లు చూపింది. ఆటోపైలట్ దానిని నమ్మి ముక్కును పైకెత్తింది. విమానం స్టాల్ అయి సముద్రంలో కూలింది, 189 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరు 2న లిమానుంచి రాత్రివేళ బయలుదేరిన ఏరోపెరూ విమానాన్ని కడిగినవారు, నీరు పోకుండా స్థిర పీడనపు రంధ్రాలకు అతికించిన టేపును తీయడం మరిచారు. ఎత్తు, వేగం రెండూ తప్పుగా కనబడ్డాయి. పైలట్లు నేల మీది కంట్రోలరును ఎత్తు అడిగారు. ఆయన తెర మీద ఉన్న అంకె కూడా అదే విమానపు ఆల్టీమీటరునుంచి వచ్చినదే అన్న సంగతి ఆ గందరగోళంలో ఎవరికీ స్ఫురించలేదు. పరికరం 9,700 అడుగులు చూపుతుండగా రెక్క నీటిని తాకింది. 70 మంది మరణించారు.

2009 జూన్ 1న రియో డి జనీరోనుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447వ విమానం (ఎయిర్‌బస్ 330) అట్లాంటిక్ మీద 35,000 అడుగుల ఎత్తున ఉండగా, మంచు స్ఫటికాలు పీటో గొట్టాలను కొద్దిసేపు మూసివేశాయి. వేగపు కొలతలు పొసగక ఆటోపైలట్ వైదొలగింది. గొట్టాలు ఒక నిమిషం లోపే తేరుకున్నాయి, కాని ఆలోగా ముక్కును పైకి లాగడంతో విమానం స్టాల్‌లోకి పోయింది. వాలు కోణం ఎంతగా పెరిగిందంటే పీటో గొట్టాలకు గాలి సరిగా తగలక, చూపే వేగం 60 నాట్ల కంటె పడిపోయింది. అంత తక్కువ వేగంలో వాలు కోణపు కొలతను కంప్యూటర్ చెల్లనిదిగా భావిస్తుంది కనుక స్టాల్ హెచ్చరిక ఆగిపోయింది. ముక్కును దించినప్పుడల్లా కొలత మళ్ళీ చెల్లి హెచ్చరిక మోగింది. సరియైన పని చేసినప్పుడు మోగి, తప్పు పని చేసినప్పుడు ఊరుకున్న ఆ హెచ్చరిక పైలట్లను మరింత అయోమయానికి గురిచేసి ఉంటుంది. నాలుగున్నర నిమిషాలలోపే విమానం సముద్రాన్ని తాకింది, 228 మందిలో ఎవరూ బ్రతకలేదు. రికార్డర్లు 2011లో సముద్రగర్భంనుంచి దొరికాయి, ఫ్రాన్సు దర్యాప్తు సంస్థ తుది నివేదిక 2012 జూలైలో వెలువడినది. ప్రమాదం తరువాత ఆ రకం పీటో గొట్టాలను ఇతర విమానాలలో మార్చివేశారు, ఎక్కువ ఎత్తులో వేగపు కొలత పోయినప్పుడు విమానాన్ని చేతితో నడపడం పైలట్ల శిక్షణలో చేర్చబడినది.